కిర్రు బాబాయ్ వదిలేసిన చప్పుడు

కిర్రు బాబాయ్ చెవిన కిర్రుమనే చప్పుడు పడిందంటే ఆ చప్పుడన్నా చావాలి, బాబాయన్నా చావాలి. యాభై ఏడేళ్లొచ్చినా బాబాయ్ నిక్షేపంగా ఉన్నాడంటే ఇప్పటికి ఎన్ని చప్పుళ్లు పోయి ఉంటాయో మీరే ఊహించుకోండి. తలుపు బందులు, కుర్చీ కాళ్లు, మంచాలు, గేట్లు, ఒకసారి ఎవరివో కొత్త చెప్పులు, ఏదీ ఆయన చేతిలో బతికి బయటపడలేదు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట చిన్న రెంచీ ఉంటుంది. కళ్లజోడు డబ్బాలో రకరకాల సైజుల ప్లాస్టిక్ వాషర్లు ఉంటాయి. కళ్లజోడు ఎలాగూ ముక్కు మీదే ఉంటుంది కదా, డబ్బా ఊరికే ఎందుకుండాలి అని ఆయన వాదన.

అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. కార్ల సీట్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి క్యాంటీన్ అక్క దాకా అందరికీ ఆయన కిర్రు బాబాయే.

ఒకసారి కంపెనీ పెద్దాయన ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. మోకాళ్ల నొప్పి కాబట్టి కూర్చునే మొదలుపెట్టాడు. "మన సంస్థ ముందుకు..." కిర్ర్. "ముందుకు సాగాలంటే..." కిర్ర్. మూడో వరసలో బాబాయ్ ముళ్ల మీద కూర్చున్నట్టు కదలడం మొదలెట్టాడు. పది నిమిషాల తర్వాత చూస్తే మూడో వరసలో బాబాయ్ లేడు. వేదిక మీద బల్లకు కప్పిన గుడ్డ కదిలింది.

"సార్, కాస్త కుడివైపు వాలండి," అని కింద నుంచి వినబడింది.

మూడు వందల మంది చూస్తుండగా పెద్దాయన వాలాడు. "ఇప్పుడు ఎడమకి. ఆఁ. ఒక్కసారి లేవండి. ఇక కూర్చోండి, నిశ్చింతగా మాట్లాడుకోండి." తర్వాత ఉపన్యాసం నున్నగా సాగింది. అప్పటిదాకా జనాన్ని మేలుకొలుపుతున్నది ఆ కిర్రేనని అప్పుడు తెలిసింది. అది పోయిన పావుగంటకి సగం సభ నిద్రపోయింది.

పళ్ల డాక్టరు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. ఈమధ్యే బాబాయ్‌కి దవడ పన్ను ఒకటి కదిలింది. డాక్టరు ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చాడు. కుర్చీ కిర్రుమంది. నోటి నిండా పరికరాలు, మాట్లాడే వీల్లేదు. బాబాయ్ వేలు చూపించాడు. "ఇక్కడా నొప్పి?" అని డాక్టరు పై పన్ను తట్టాడు. బాబాయ్ అడ్డంగా తల ఊపి వేలు ఇంకా కిందకి చూపించాడు. "ఇక్కడా?" అని డాక్టరు కింది పన్ను తట్టాడు. వేలు మెడ దాటి, పొట్ట దాటి, కుర్చీ కిందకి వెళ్లింది. డాక్టరు భయపడి పరికరాలన్నీ బయటికి తీశాడు. అరగంటలో కుర్చీ మూగదైపోయింది. బయటికొచ్చాక గుర్తొచ్చింది, పన్ను చూపించుకోవడమే మర్చిపోయానని. మళ్లీ వెళ్తే డాక్టరు, "మీరు పళ్లు బిగబట్టి నూరుతున్నారు, అందుకే కదిలింది. ఎవరి మీదండీ అంత కోపం?" అని అడిగాడట. బాబాయ్ కళ్లజోడు డబ్బా జేబులో వేసుకుని బయటపడ్డాడు.

ఈ సంగతులన్నీ అందరికంటే బాగా తెలిసిన మనిషి రిపోర్టమ్మ. టెస్ట్ రూములో ఆయన పక్క బల్ల ఆవిడది. రోజంతా పరీక్షల రిపోర్టులు రాస్తుంది కాబట్టి ఆ పేరు. నలభై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లలో ఒక్క అబద్ధపు అక్షరం రాయలేదని పేరు. పదకొండు నెలల కిందట తల్లి పోయింది. అప్పటినుంచి ఇంట్లో తనొక్కతే. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా వండి, మిగిలింది మర్నాడు తింటుంది. ఆ మర్నాడు కూడా ఇద్దరికి సరిపడానే వండుతుంది.

ఇక టెస్ట్ రూములో జరిగే పని చెప్పాలి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్ల కోసం ఆ ఫ్యాక్టరీలో తిరిగే సీటు ఒకటి చేస్తారు. కారు తలుపు తీసి మీట నొక్కితే సీటంతా బయటి వైపు తిరుగుతుంది. దాని మీద కూర్చుని, సీటుతో సహా లోపలికి తిరిగిపోవచ్చు. ఇదంతా ఒక లావుపాటి ఇనుప పిన్ను మీద తిరుగుతుంది. పిన్నుకీ, అది దూరిన రంధ్రానికీ మధ్య ఉంగరంలాంటి పల్చటి ప్లాస్టిక్ బుష్ వేస్తారు. అది సరిగ్గా కూర్చుంటే సీటు నోరెత్తదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇనుమూ ఇనుమూ రాసుకుని అరుస్తాయి, ఆపైన అరుగుతాయి. యంత్రం ఒక్కో సీటునీ ఇరవై వేల సార్లు అటూ ఇటూ తిప్పుతుంటే బాబాయ్ పక్కన స్టూలు వేసుకుని కళ్లు మూసుకుని వింటాడు.

"ఇవాళ్టి అరుపే రేపటి అరుగుదల," అంటాడు రోజుకి పదిసార్లయినా.

"కాస్త గ్రీజు రాస్తే పోదా బాబాయ్?" అని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే ఆయనకి తలకొట్టేసినట్టవుతుంది. "ఏడ్చే పిల్ల నోట్లో చక్కెర పోసినట్టు! అది కరిగేదాకేగా? పైగా ఊళ్లో దుమ్మంతా వచ్చి దానికే అంటుకుంటుంది. నొప్పి ఎక్కడుందో చూడాలి గానీ నోరు మూస్తే ఎలా?"

ఒకసారి బాబాయ్ జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. చూసి వద్దామని రిపోర్టమ్మ వాళ్లింటికి వెళ్లింది. గేటు చప్పుడు కాలేదు. తలుపు చప్పుడు కాలేదు. వెనక నిలబడి "బాబాయ్ గారూ" అనగానే ఆయన కెవ్వున కేకపెట్టాడు. ఆ ఇల్లు అంత పెద్ద చప్పుడు అంతకుముందు విని ఉండదు. గోడ గడియారం టిక్కుమనదు, కుళాయి కారదు, ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నది చేయి పైకెత్తి గాలి చూసుకుంటే తప్ప తెలియదు. గ్లాసు పెట్టినా చప్పుడు రాకుండా బల్ల మీద దళసరి గుడ్డ పరిచి ఉంది. అలాంటి ఇంట్లో మనిషి తన ఊపిరి తనే వింటూ కూర్చోవాలి.

"ఆదివారాలు ఏం చేస్తారు?" అని అడిగిందావిడ.

"అక్క ఫోన్ చేస్తుంది. పది నిమిషాలు."

"తర్వాత?"

"తర్వాత సోమవారం కోసం చూస్తా." టీ ఊదుకుని మళ్లీ అన్నాడు. "మునుపు వీధిలోవాళ్లు పిలిచేవారమ్మా. తలుపు కిర్రుమంటోంది రండి, ఊయల కిర్రుమంటోంది రండి అని. వెళ్తే టీ ఇచ్చేవారు, నాలుగు మాటలు మాట్లాడేవారు. నేనేమో బుద్ధి లేకుండా అన్నీ శాశ్వతంగా బాగుచేసి పడేశా. ఇప్పుడెవరూ పిలవరు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. ఇంటికెళ్లాక తన తలుపు బందు కావాలని రెండుసార్లు కదిపి చూసుకుంది. అదీ కిర్రుమనలేదు. ఎప్పుడో ఆయనే బాగుచేశాడు.

తల్లి పోయిన నెలకి బాబాయ్ ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, "రేపట్నుంచి మీ కార్లో వస్తానమ్మా, మా వీధి మీదుగానే కదా వెళ్తారు. ఫ్యాక్టరీ బస్సులో సీట్లన్నీ బాగుచేసేశా. ఖాళీగా కూర్చుని రావడం విసుగ్గా ఉంది," అన్నాడు.

రిపోర్టమ్మ గుండెలో రాయి పడింది. ఆవిడ పాత కారులో డ్రైవరు పక్కనున్నది అలా తిరిగే సీటే. ఆరేళ్ల కిందట తల్లి మోకాళ్ల కోసం పెట్టించింది. దానికి ఏడాదికే కిర్రు పుట్టింది. తిప్పినప్పుడల్లా "కిర్ర్ర్" అని అది, "ఊరుకోవే, నేనేం అంత బరువు లేను!" అని అమ్మ. ఆసుపత్రికి వెళ్లినా, బజారుకి వెళ్లినా, సీటు ఒక మాట అనడం, అమ్మ ఒక మాట అనడం. బాగుచేయిద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "దాన్నీ నోరు మూయిస్తే నేనెవరితో పోట్లాడను? నువ్వు బండి నడిపేటప్పుడు ఉలకవు పలకవు," అనేది. అమ్మ పోయాక ఆ కిర్రు వింటే చాలు, దాని వెంటే అమ్మ మాట రాబోతున్నట్టే ఉండేది. ఇంట్లో అమ్మ చీరలున్నాయి, ఫోటో ఉంది. అవేవీ మాట్లాడవు.

ఇప్పుడు ఆ సీటు మీద కిర్రుల పాలిట యముడు కూర్చోబోతున్నాడు. వద్దనడానికి ఆవిడకి నోరు రాలేదు.

మొదటి రోజు సీటు తిరిగింది. కిర్ర్ర్. బాబాయ్ కూర్చున్నాడు. రిపోర్టమ్మ స్టీరింగు గట్టిగా పట్టుకుంది. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎండ బాగా ఉంది," అన్నాడు. అంతే. ఆ వారంలో కారు వైపర్లు బాగుచేశాడు, వెనక తలుపు బాగుచేశాడు, అద్దం దించే పిడి బాగుచేశాడు. తన కిందనున్న సీటు మాత్రం ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున ఇంకో సంగతి జరిగింది. సీటు కిర్రుమనగానే, ఏ పరధ్యానంలో ఉందో, రిపోర్టమ్మ పైకే అనేసింది: "ఊరుకోవే, నేనేం అంత బరువు లేను." అని నాలుక్కరుచుకుంది. ఓరగా చూస్తే బాబాయ్ గొడుగు ముడి విప్పుకుంటున్నాడు. విననే లేదు, బతికిపోయాననుకుంది.

ఆ గొడుగుదో పెద్ద కథ. మబ్బు తునక లేకపోయినా గొడుగు తెస్తాడు. ప్రతి రెండో శనివారం కారులో మర్చిపోతాడు. భోజనాల వేళకి వచ్చి, "గొడుగు కార్లో ఉండిపోయిందమ్మా, తాళం ఇస్తారా?" అంటాడు. ఒక్క గొడుగు తెచ్చుకోవడానికి ముప్పావు గంట పడుతుంది. "గొడుగు తేవడానికి వెళ్లాడా, కుట్టడానికి వెళ్లాడా?" అని క్యాంటీన్ అక్క నవ్వేది.

ఇలా పది నెలలు గడిచాయి. అప్పుడు మేనేజరు టెస్ట్ రూముకి కొత్త మైకు యంత్రం తెప్పించాడు. సీటు చప్పుడు అదే విని, గీతలు గీసి చూపిస్తుంది. మొదటి రోజే బాబాయ్ రెంచీ పట్టుకుని దాని వైపు నడిచాడు. మేనేజరు కెవ్వుమని అడ్డం పడి, మైకు చుట్టూ పసుపు గీత గీయించాడు. "కిర్రు బాబాయ్ ఈ గీత దాటరాదు" అని బోర్డు కూడా పెట్టించాడు.

ఆ వారం ఒక సీటు దగ్గర పేచీ వచ్చింది. సీటు బాగుందన్నాడు బాబాయ్. కిర్రుమంటోందంది మైకు. రెండో సీటూ అంతే, మూడోదీ అంతే. మేనేజరు రిపోర్టమ్మని గదిలోకి పిలిచాడు.

"చూడండమ్మా, ఆయనకి చెవులు దెబ్బతిన్నట్టున్నాయి. రోజూ పక్కన కూర్చునేది మీరు, కార్లో తీసుకొచ్చేది మీరు. ఆయన వినికిడి ఎలా ఉందో శనివారం సాయంత్రానికి రాసివ్వండి. లేదంటే స్టోర్సుకి మార్చేస్తాను."

స్టోర్సు అంటే ఫ్యాక్టరీ చివరనున్న షెడ్డు. అక్కడ అట్టపెట్టెలు తప్ప మనిషన్నవాడు ఉండడు. సోమవారం కోసం ఎదురుచూసే మనిషికి సోమవారం కూడా లేకుండా పోతుంది.

రిపోర్టమ్మ ఆ రోజే పరీక్షలు మొదలుపెట్టింది. బాబాయ్ స్టూలు మీద కళ్లు మూసుకుని ఉండగా వెనక నిలబడి, "బాబాయ్ గారూ, టీ?" అంది. పలకలేదు. చెంచా కింద పడేసింది. కదలలేదు. చివరికి తెగించి, "బాబాయ్ గారూ, మీ చొక్కాకి నిప్పంటుకుంది," అంది. ఆయన మెల్లగా వీపు తడుముకుని మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడావిడకి కారు సీటు గుర్తొచ్చింది. ఊరంతటి చప్పుళ్లనూ చంపే మనిషి పది నెలలుగా కిర్రుమనే సీటు మీద కూర్చుని కిమ్మనలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చెవులు బాగున్నాయని రాస్తే పద్దెనిమిదేళ్లలో మొదటి అబద్ధం. బాగాలేవని రాస్తే ఆయన అట్టపెట్టెల పాలు. శుక్రవారం రాత్రి అన్నం సహించలేదు. ఆయన లేకపోతే తన పక్క బల్ల దగ్గర ఎవరుంటారు అనుకుంది. ఆ బాధలో సగం తన కోసమేనని తెలిసి సిగ్గేసింది కూడా.

శనివారం వచ్చింది. బల్ల మీద తెల్లకాగితం అలాగే ఉంది. భోజనాల వేళకి బాబాయ్ వచ్చి, "గొడుగు కార్లో ఉండిపోయిందమ్మా," అన్నాడు. తాళం ఇచ్చేసి కాగితం వైపు చూస్తూ కూర్చుంది. తల ఎత్తితే ఎదురుగా గోడ మేకుకి గొడుగు వేలాడుతోంది.

రిపోర్టమ్మ గొడుగు తీసుకుని బయటికి నడిచింది. కారు తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాచుకుని ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ?"

కాళ్లు బిగుసుకుపోయాయి. "గొడుగు వెతుకుతున్నానమ్మా."

"గొడుగు నా చేతిలో ఉంది."

ఒక కాలు మెల్లగా లోపలికి ముడుచుకుంది. తర్వాత, "అయితే దొరికిందన్నమాట," అని వినబడింది.

బయటికొచ్చాక ఆయన చేతిలో ఒక అరిగిన బుష్ ఉంది. ముఖం దొంగతనంగా లడ్డూ తినేసి పట్టుబడిన పిల్లాడిదిలా ఉంది.

"సీటు చప్పుడు మీకు వినబడుతోందా?" అంది రిపోర్టమ్మ.

"వినబడటమా? మీరు మా వీధి మలుపు తిరిగేటప్పుడు గతుకులో సీటు కాస్త కదిలినా వినబడుతుంది. దాని మీద కూర్చుని, పళ్లు బిగబట్టి బిగబట్టి దవడ పన్ను కదిలిపోయింది! డాక్టరు ఎవరి మీద కోపమని అడిగితే సీటు మీదని ఎలా చెప్పను?"

"మరి ఎందుకు ఆపలేదు?"

"ఆపుదామనే మూడో రోజు కొత్త వాషర్లు పెట్టుకుని వచ్చా. ఆ రోజే మీరు దానికి జవాబు చెప్పారు." బాబాయ్ రెంచీ వైపు చూసుకున్నాడు. "ఆ మాట మీ అమ్మగారిది కదా? ఒకసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు దిగుతూ ఆవిడ అంటుంటే విన్నా. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం మర్యాద కాదుగా!"

రిపోర్టమ్మ వంగి సీటు వీపు మీద చెయ్యి వేసింది.

"అలాగని వదిలేస్తే పిన్ను అరిగిపోయి ఏడాదిలో సీటు ఊగిపోతుంది. అప్పుడు మీరు సీటే మార్పించేస్తారు. అందుకని బరువంతా కింది బుష్ మీద పడేట్టు చేశా. ఇదిగో, రెండు వారాలకోసారి దాన్ని చూసుకోవాలి. పైనున్న పాత వాషరు ఉత్తినే రాసుకుంటుంది. అరుస్తుంది గానీ అరగదు." ఇప్పుడాయన గొంతులో ఉత్సాహం పుట్టుకొచ్చింది. "చప్పుడు ఆపడం పది నిమిషాల పనమ్మా. చప్పుడు ఉంచి అరుగుదల ఆపడం ఎంత కష్టమో తెలుసా? వానల్లో ఒకసారి కిర్రు పోయి కీచులోకి దిగింది. ఆ వారమంతా మీరు తలెత్తి సీటు వైపు చూడలేదు. శనివారం దాకా ఆగి మళ్లీ కిర్రులోకి తెచ్చా."

రిపోర్టమ్మకి కళ్లలో నీళ్లొచ్చాయి. అంతలోనే నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక గొడుగు తెరిచింది.

"మరి నేను టీ అంటే పలకలేదేం? చెంచా పడేస్తే చూడలేదేం?"

"తిప్పుళ్లు లెక్కపెడుతున్నానమ్మా, పదకొండు వేల తొమ్మిది వందలు దాటింది. మాట్లాడితే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలి. చొక్కా తగలబడిందన్నారే, అప్పుడు మాత్రం కాస్త అనుమానం వచ్చింది."

"ఆ మూడు సీట్లూ నిజంగా బాగున్నాయా?"

"సీట్లు బంగారం. అరుస్తున్నది మైకు స్టాండు. యంత్రం తిరిగే అదురుకి, దాని మోకాలు కీలు దగ్గర. చూద్దామంటే గీత గీసి బోర్డు పెట్టారు, నేనేం చేసేది?"

రిపోర్టమ్మ తెరిచిన గొడుగుతోనే విసవిసా నడిచి మేనేజరుని టెస్ట్ రూముకి లాక్కొచ్చింది. యంత్రం తిప్పించింది. మైకు గీతలు గీసింది. అప్పుడు మైకుని స్టాండు నుంచి ఊడదీసి చేత్తో పట్టుకుంది. సీటు తిరుగుతూనే ఉంది, గీత ఒక్కటి పడితే ఒట్టు. మేనేజరు మైకు వైపు చూశాడు, స్టాండు వైపు చూశాడు, చివరికి బోర్డు తీసి చంకలో పెట్టుకున్నాడు. బాబాయ్ గీత దాటి, కళ్లజోడు డబ్బా తెరిచి, స్టాండు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెళ్లివిందుకి కూర్చున్న మనిషి ముఖంలోనైనా అంత ఆనందం ఉండదు.

ఆ సాయంత్రం రిపోర్టమ్మ కాగితం మీద ఒక్క వాక్యం రాసింది: "వినికిడి అవసరానికి మించి బాగుంది." పద్దెనిమిదేళ్లలో ఇంత నిజం ఎప్పుడూ రాయలేదు.

ఇంటికి బయల్దేరేటప్పుడు ఆవిడ తాళం తిప్పకుండా ఆగింది. "రేపు ఆదివారం. మా ఇంట్లో ఇద్దరికి వంట అవుతుంది బాబాయ్ గారూ. ఎప్పుడూ అవుతుంది. భోజనానికి రండి."

బాబాయ్ తలుపు దగ్గరే నిలబడిపోయి, కాసేపు గొడుగు ముడి వేసి విప్పి మళ్లీ వేశాడు. "అక్క ఫోన్ పదకొండింటికి," అన్నాడు. "పదకొండూ పదికల్లా వచ్చేస్తా. ఇంట్లో ఏదైనా కిర్రుమంటోందా?"

"ఏం లేదు. అన్నీ మీరే చంపేశారుగా. ఊరికే రండి."

ఏ పనీ లేకుండా ఒక ఇంటికి పిలుపు రావడం ఆయనకి కొత్త. మీట నొక్కి సీటు మీద కూర్చున్నాడు. సీటు లోపలికి తిరిగింది. కిర్ర్ర్.

రిపోర్టమ్మ నోరు తెరిచేలోపే, పక్కనుంచి, కాస్త మొహమాటంగా, జవాబు వచ్చింది:

"ఊరుకోవే, నేనేం అంత బరువు లేను!"